ఆ డ్రాయింగులు తుక్కులోకి పోనివ్వకండి: రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. బొగ్గు ఇంజన్ల రోజుల్లో లోకో షెడ్డులో ఖలాసీగా చేరి, ఫిట్టరుగా రిటైరైనవాణ్ని. మన పాత ఆవిరి ఇంజన్ల డ్రాయింగులను కాపాడమని అడగడానికి, అందుకోసం ముందు మీకు ఒక ఇంగ్లండు ఇంజనీరు సంగతి చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆయన పేరు డేనియల్ గూచ్. 1816లో నార్తంబర్లాండ్‌లోని బెడ్లింగ్టన్‌లో పుట్టాడు. ఇనుప కార్ఖానాల్లో, న్యూకాసిల్‌లో రైలింజన్లు కట్టే స్టీఫెన్‌సన్ ఫ్యాక్టరీలో పని నేర్చుకున్నాడు. 1837లో ఉద్యోగం కావాలని గ్రేట్ వెస్టర్న్ రైల్వే చీఫ్ ఇంజనీరు బ్రూనెల్‌కు ఉత్తరం రాస్తే, ఇంకా 21 నిండకుండానే ఆ రైల్వే ఇంజన్ల బాధ్యతంతా ఆయన చేతిలో పెట్టారు.

అప్పటికే రకరకాల కంపెనీలకు ఆర్డరిచ్చి తెప్పించిన ఇంజన్లు ఒకదానికొకటి పొంతన లేనివి. మాటిమాటికీ మొరాయించేవి. లండన్‌లోని పాడింగ్టన్ షెడ్డులో ఒక రైలు పెట్టెలోనే పడుకుని, రాత్రుళ్లు దగ్గరుండి మరమ్మతులు చేయించాడు గూచ్. షెడ్డులో నైట్ డ్యూటీ చేసినవాడికి ఆ కష్టమేమిటో తెలుసు. నమ్మదగ్గ ఇంజను 'నార్త్ స్టార్'. అసలు దాన్ని అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ రైల్వే కోసం 5 అడుగుల 6 అంగుళాల గేజికి (రెండు పట్టాల మధ్య దూరానికి) కట్టారట. అంటే ఇవాళ్టి మన బ్రాడ్ గేజే! ఆ బేరం తప్పిపోతే 7 అడుగుల గేజికి మార్చి గ్రేట్ వెస్టర్న్‌కు తెచ్చుకున్నారు.

ఆ అవస్థలోంచి గూచ్ నేర్చుకున్నదే నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. 'ఫైర్‌ఫ్లై' తరగతి ఇంజన్లు 62 కావలసి వచ్చాయి. ఏడు కంపెనీలకు ఆర్డరిచ్చాడు కానీ, ఎవరి ఇష్టానికి వాళ్లను వదల్లేదు. అందరికీ ఒకే డ్రాయింగులు, ఒకే రేకు టెంప్లేట్లు (కొలత అచ్చులు) పంపాడు. ఎక్కడ తయారైనా భాగం సరిపోవాలన్నమాట. 1840 నాటి మాట ఇది. 1842లో విక్టోరియా రాణి మొదటిసారి రైలెక్కినప్పుడు ఆ తరగతి ఇంజన్నే ఆయన స్వయంగా నడిపాడు. స్విండన్‌లో వర్క్‌షాపు పెట్టాలని చోటు చూపించిందీ ఆయనే.

1864లో ఇంజన్ల బాధ్యత వదిలి, మరుసటి ఏడే అదే రైల్వేకి ఛైర్మన్‌గా తిరిగొచ్చి, 1889లో పోయేదాకా ఉన్నాడు. మధ్యలో 'గ్రేట్ ఈస్టర్న్' ఓడ మీద అట్లాంటిక్ టెలిగ్రాఫ్ కేబుల్ వేయించాడు. ఆ ఓడే 1870లో బొంబాయికీ కేబుల్ తెచ్చింది.

ఇక బాధాకరమైన సంగతి. నార్త్ స్టార్‌నూ, 1851 లండన్ మహా ప్రదర్శనలో జనం విరగబడి చూసిన గూచ్ ఇంజను 'లార్డ్ ఆఫ్ ది ఐల్స్'నూ స్విండన్‌లో దాచి ఉంచారు. 1906లో, చోటు చాలడం లేదని, రెండింటినీ ముక్కలు చేశారు. చక్రాల వంటివి కొన్ని మిగిలాయి. 1925లో నార్త్ స్టార్ నమూనా కట్టుకున్నారు. గూచ్ చేసిన ఆ 7 అడుగుల గేజి ఇంజను ఒక్కటీ ఇవాళ లేదు. కానీ పాత డ్రాయింగుల సాయంతో 'ఫైర్‌ఫ్లై'ని మళ్లీ కట్టి, 2005లో డిడ్కాట్ రైల్వే మ్యూజియంలో ఆవిరితో నడిపారు. కాయితం మిగిలింది కాబట్టి ఇంజను తిరిగొచ్చింది.

మన చిత్తరంజన్ రైలింజన్ల కార్ఖానా 1950 నుంచి 1972 వరకు 2,351 ఆవిరి ఇంజన్లు చేసింది. మ్యూజియంలో పెట్టినవాటికి భయం లేదు. స్టేషన్ల ముందు, ఆఫీసుల ముందు దిమ్మెల మీద వానకు తడుస్తున్నవాటి సంగతి వేరు. వాటికన్నా నన్ను కలవరపెడుతున్నది డ్రాయింగులు. నేను పనిచేసిన చోట గది ఖాళీ చేయాలని బ్లూప్రింట్ల చుట్టలను కిలోల లెక్కన పాత కాయితాల వాడికి తూచారు. నా కళ్ల ముందే.

అయ్యా, ప్రతి వర్క్‌షాపూ, షెడ్డూ తన దగ్గరున్న పాత డ్రాయింగుల జాబితా రాసి పంపాలని, ఆ జాబితా చేరేదాకా ఒక్క చుట్టనూ వేలం వేయకూడదని ఉత్తర్వు ఇవ్వండి. స్కాన్ చేయించడం ఆ తర్వాతి పని. వయసు మళ్లిన ఫిట్టర్లం, డ్రైవర్లం ఇంకా కొందరం ఉన్నాం. పిలిస్తే వచ్చి, ఏ షీటు ఏ భాగానిదో చెప్పగలం.

ఆ రోజు అధికారిని బతిమాలి ఒక్క షీటు తెచ్చుకున్నాను. గూడ్సు బండ్లు లాగే డబ్ల్యూజీ ఇంజను వాల్వ్ గేరుది (సిలిండర్లలోకి ఆవిరిని వదిలే భాగం). మడతల దగ్గర చిరుగుతోంది. దాన్ని ఎవరికి అప్పగించాలో దయచేసి తెలియజేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డు లోకో ఫిట్టరు