కూర ఎంతో, నూనె ఎంతో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో బరువు తగ్గడానికి పనికొచ్చే కూరగాయలంటూ పేజీ నిండా వేశారు. బ్రకోలీ, జుకినీ, లెట్యూస్, ఆస్పరాగస్. మంచివే, కాదనను. కానీ గుంటూరులో మేం వెళ్లే బజారులో బ్రకోలీ ఎప్పుడో ఒకసారి కనిపిస్తుంది, మిగతావి నేనైతే చూడలేదు, దొరికినా రోజూ కొనుక్కునే ధరలో ఉండవు. అదే బజారులో గుట్టలు పోసి అమ్మే సొరకాయ, బీరకాయ, పొట్లకాయ, దొండకాయ మాత్రం మీ పేజీలో ఒక్క మాటకైనా నోచుకోలేదు. 100 గ్రాముల బ్రకోలీలో 34 కేలరీలుంటే సొరకాయలో 15 దాటవు, మిగిలిన మూడూ 20కి అటూ ఇటూగా ఉంటాయి. బ్రకోలీలో విటమిన్ సి ఎక్కువన్నది నిజమే, కానీ పచ్చి మునగాకులోనూ అది బాగానే ఉంటుంది, పైగా క్యాల్షియం, ఐరన్ అదనం. ఆషాఢంలో ఒక్కరోజు శాస్త్రానికి తిని మళ్లీ ఏడాది దాకా ఆ చెట్టు వైపు చూడం, అది వేరే సంగతి.

అయినా ఏ కూరగాయ గొప్పదో తేల్చడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మనిషికి ఎంత కూర, అందులో ఎంత నూనె అన్న రెండు లెక్కలూ మీ వంటల పేజీలో ఎప్పుడూ ఉండవు. 'నూనె: తగినంత' అని వేస్తారు. తగినంత అంటే ఎవరి చెయ్యి ఎంత ధారాళమైతే అంత.

హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రోజుకు 2000 కేలరీల తిండి తినే పెద్దవాళ్లకు 400 గ్రాముల కూరగాయలు ఉండాలి, అందులో 100 గ్రాములు ఆకుకూర. పండ్లు ఇంకో 100 గ్రాములు. బియ్యం, గోధుమలు, జొన్నలు అన్నీ కలిపి 250 గ్రాములే. ఈ లెక్కన నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో రోజుకు కిలోన్నర పైన కూరగాయలు తెగాలి. ఎంతమంది ఇళ్లలో తెగుతున్నాయండీ? అర కిలో బెండకాయలు తెచ్చి వేపుడు చేసి నలుగురూ రెండు పూటలా సర్దుకునే ఇళ్లే నాకు తెలిసినవాటిలో ఎక్కువ. కంచం నిండా అన్నం, ఓ పక్కన నిమ్మకాయంత కూర, మారు వడ్డించుకున్న అన్నం చారుతో వెళ్లిపోతుంది, ఆఖర్న పెరుగన్నంలోకి ఊరగాయ. ఇక బంగాళదుంప వేపుడు చేసిన రోజు కూరగాయ తిన్నట్టే లెక్కేసుకుంటాం, ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం బంగాళదుంపని, అలాంటి పిండి దుంపల్ని కూరగాయల లెక్కలో కలపదు. అన్నంలోకి దుంప అంటే పిండిలోకి పిండి.

నూనె సంగతి ఇంకా ఘోరం. అదే మార్గదర్శకాల్లో మనిషికి రోజు మొత్తానికి 27 గ్రాముల నూనె అన్నారు, సుమారు రెండు పెద్ద చెంచాలు. అర కిలో దొండకాయల్లో ఉండేది 100 కేలరీలు, వాటిని వేయించడానికి మూకుట్లో నాలుగు పెద్ద చెంచాలు పోస్తే నూనెకే 480 వస్తాయి. పైగా వేగేకొద్దీ కూర దగ్గరపడి గిన్నె అడుక్కి చేరుతుంది కాబట్టి తినేది తక్కువ, నూనె ఎక్కువ. సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ కర్రీ పాయింట్‌లో ప్యాకెట్లు కట్టించుకునేవాళ్లకైతే ఆ కాస్త అదుపు కూడా లేదు. కర్రీ పాయింట్ నడిపేవాళ్లు మాత్రం ఏం చేస్తారు, నిగనిగలాడే వేపుడే ముందు అమ్ముడుపోతుంది, నీళ్లకూర ఎవరడుగుతారు?

మన వంటలో దీనికి దారి లేక కాదు. బీరకాయ ముక్కలు తన నీళ్లలో తనే ఉడుకుతాయి, మూత మీద కాసిన్ని నీళ్లు పోసి సన్నసెగన మగ్గబెడితే పోపుకి వేసిన ఒక్క చెంచాడు నూనె చాలు. సొరకాయ, బూడిద గుమ్మడికాయ మజ్జిగ పులుసులోకి ఎన్ని ముక్కలైనా పడతాయి. దప్పళంలో నాలుగైదు రకాలు వేసి, పులుసు కంటే ముక్కలు ఎక్కువ ఉండేలా కాచుకోవచ్చు. పప్పులో నాలుగు తోటకూర రెబ్బలు వేసి ఆకుకూర పప్పు అనడం మానేసి, పప్పుకి రెండింతలు ఆకు వెయ్యాలి. అలాగని నూనె బొత్తిగా మానేయమనడం లేదు, ఆకుకూరల్లోని కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త కొవ్వు ఉండాల్సిందే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఆకుకూరలు ఎక్కువగా తినడం మొదలుపెట్టేముందు డాక్టర్‌ని అడగాలి, ఈ ముక్క కూడా మీ పేజీలో రావాలి.

ఇంకో మాట. కిలోన్నర కూరగాయలు ఎవరు తరుగుతారు? 'కూరలు ఎక్కువ తినండి' అని రాసేవాళ్లెవరూ ఇది పట్టించుకోరు. తోటకూర ఏరి, ఇసక పోయేదాకా కడిగి, తరిగేసరికి గంట పడుతుంది, ఉద్యోగానికి వెళ్లే ఆడవాళ్లు వేపుడుకో టమాటా పప్పుకో దిగిపోవడంలో బద్ధకం ఏమీ లేదు, టైం లేదంతే. ఇంట్లో టీవీ ముందు కూర్చునే మగవాళ్లకి కత్తిపీట ముందు కూర్చునే ఓపిక కూడా ఉంటుందని నా నమ్మకం, లేకపోతే చాకు, చెక్క ఇవ్వచ్చు, సోఫాలో కూర్చునే తరగొచ్చు. మీ వ్యాసాలు బరువు తగ్గించే పొద్దుటి నడక గురించి మగవాళ్లకి బాగానే చెబుతాయి, ఇదీ కలపండి.

పొద్దున్నే పచ్చి సొరకాయ జ్యూస్ తాగమని ఎవరు రాసి పంపినా దయచేసి హెచ్చరిక లేకుండా వేయకండి. ఒక్కోసారి కాయ చేదుగా ఉంటుంది, అలాంటి దాని రసం తాగి వాంతులు, రక్త విరేచనాలతో ఆస్పత్రి పాలైనవాళ్లు, ప్రాణాలు పోయినవాళ్లు కూడా ఉన్నారు. ముక్క నాలిక మీద పెట్టి చూసి చేదుగా ఉంటే పారేయాలి, ఉడికిస్తే పోతుందిలే అనుకోకూడదు. కూరగా తిన్నంత హాయి జ్యూస్‌లో ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వచ్చే ఆదివారం పొట్లకాయ మీద వేయండి. పాలు పోసి వండేది, పెసరపప్పు వేసి చేసేది, పెరుగు పచ్చడి, మూడూ మా ఇంట్లో చేస్తాం. అడిగితే ఎన్ని గ్రాముల కాయ, ఎన్ని చెంచాల నూనె, ఎంతమందికి అన్న కొలతలతో సహా రాసి పంపిస్తాను.

ఇట్లు
ఒక పాఠకురాలు, గుంటూరు