మన విశ్రాంత కార్మికుల సంఘం వార్షిక నివేదిక, 2024-25

అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు, ఖరగ్‌పూర్ నలుమూలల నుంచి వచ్చిన రైల్వే కార్ఖానా మిత్రులకు, వారి కుటుంబాలకు నమస్కారం.

పెన్షన్ కాగితాలు, వైద్య కార్డుల పని ఎప్పటిలాగే సాగింది. నవంబరులో ఫోన్‌కి ముఖం చూపించి లైఫ్ సర్టిఫికెట్ పంపడం పెద్దవాళ్లకు ఓపిగ్గా నేర్పిన మన పిల్లలకు ధన్యవాదాలు. ఉగాది, సంక్రాంతి వేడుకలకు అందరూ వచ్చారు కాబట్టి వాటి గురించి మళ్లీ రాయడం లేదు.

రాయాల్సింది మే 8 గురించి. 1974 రైల్వే సమ్మెకు 50 ఏళ్లు నిండిన ఆ రోజున మన కార్ఖానా కార్మికుల పోరాట చరిత్రపై ప్రదర్శన, సభ జరిపాం. మన సంఘం చేసిన పనుల్లో ఇంత మంచిది మరొకటి లేదని నా అభిప్రాయం. హాజరు కోసం గేటు దగ్గర తీసుకునే ఇత్తడి టోకెన్లు, మెషీన్ షాపులో వాడిన మైక్రోమీటర్లు, పాత రసీదు పుస్తకాలు బల్లల మీద పరిచాం. అందరూ ఆగి చూసింది మాత్రం మడతల దగ్గర చిరిగిన ఒక కాగితం. రైల్వే క్రమశిక్షణ నిబంధనల్లోని రూల్ 14(2) కింద విచారణ లేకుండా ఉద్యోగం నుంచి తీసేస్తూ ఇచ్చిన ఉత్తర్వు అది. దాన్ని ఇన్నేళ్లూ బీరువాలో దాచి, మనకు ఇచ్చిన ఆ తల్లికి సంఘం రుణపడి ఉంది.

సభలో 1927 గురించి చెప్పుకున్నాం. ఫిబ్రవరిలో మొదలైన ఒక సమ్మె ముగిసి ఊపిరి తీసుకునేలోగా, అప్పట్లో మన కార్ఖానాను నడిపిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ సెప్టెంబరులో పెద్ద సంఖ్యలో కార్మికులను తగ్గించబోయింది. కార్మికులు ఒప్పుకోకపోతే కార్ఖానాకు తాళం వేసింది. డిసెంబరు దాకా జీతాల్లేవు. శ్రీకాకుళం, విజయనగరం, గంజాం వైపు నుంచి వచ్చిన మన తాతలు అంతకాలం నిలబడ్డారు. వాళ్ల సంఘానికి నాయకుడు బరంపురంలో పుట్టిన మన వి.వి.గిరి గారు.

అమెరికాలో ఉంటున్న మన సభ్యుడి అబ్బాయి అక్కడి మెషినిస్టుల సంఘం కథ చెప్పాడు. 1888 మే 5న అట్లాంటాలో థామస్ టాల్బట్, మరో 18 మంది ఇంజను కింద రిపేరుకి దిగే గోతిలో రహస్యంగా కలుసుకుని దాన్ని మొదలుపెట్టారట. కంపెనీకి తెలిస్తే పని పోయేది. 1922 జులై 1న జీతాల కోతకు వ్యతిరేకంగా అక్కడి రైల్వే షాపుల్లో సుమారు 4 లక్షల మంది పని ఆపితే, కోర్టు ఉత్తర్వుతో అణచివేశారు. ఆ సంఘం గొప్పదే. కానీ 1948 దాకా నల్లవారికి అందులో చోటు లేదు. మనవాళ్లు టర్నర్, ఫిట్టర్, ఖలాసీ అందరినీ ఒకే సంఘంలో కలుపుకొని పోరాడారు. ఈ తేడా మన పిల్లలకు తెలియాలి.

1974 గురించి చెప్పడం మొదలుపెట్టేసరికి హాలు నిశ్శబ్దమైపోయింది. బోనస్, ఇతర ప్రభుత్వ రంగ సంస్థలతో సమాన జీతం, రైలు ఇంజన్లు నడిపే లోకో సిబ్బందికి 8 గంటల పని అడిగాం. మే 2నే సమ్మె నాయకుడు జార్జి ఫెర్నాండెజ్ గారిని అరెస్టు చేశారు. మే 8 నుంచి 20 రోజుల పాటు దేశమంతటా 17 లక్షల మంది ఆ పోరాటంలో నిలిచారు. సమ్మె చేసినవాళ్ల సామాన్లు క్వార్టర్ల నుంచి బయట పడేశారు. ఆ సమయంలో రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది అదే గిరి గారు, ఒకప్పుడు కార్మికుల సంఘం నడిపిన మనిషి. ఆ ముచ్చట వచ్చినప్పుడు మన పెద్దాయన ఒకరు కళ్లు తుడుచుకున్నారు. ఉద్యోగాలు పోయినవాళ్లను 1977లో జనతా ప్రభుత్వం తిరిగి తీసుకుంది. బోనస్ 1979లో వచ్చింది.

ఇక లెక్కలు. ఆడిటర్ సంతకం పెట్టిన కాగితం మీ చేతుల్లో ఉంది. ప్రదర్శనకు అనుకున్నదానికన్నా ఎక్కువైంది, దాతలు సర్దారు. చందా బాకీలున్నవారు ఈ రోజే కోశాధికారి గారికి ఇచ్చేయండి.

కొన్ని మాటలు చెప్పక తప్పదు. కార్ఖానాలోని పాత యంత్రాల ఫోటోలు తీసుకోవడానికి సంబంధిత కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం. ఒక్కదానికీ జవాబు రాలేదు. పైవాళ్ల సంగతి అలా ఉంటే, మనవాళ్లలో చేతులెత్తి పేర్లిచ్చిన వాలంటీర్లలో చాలామంది మే 7 సాయంత్రం కనిపించలేదు. బల్లలు మోసింది, బ్యానర్లు కట్టింది మహిళా విభాగం సభ్యులు, నిమ్‌పురా కుర్రవాళ్లు. వంట మథురాకాటి ఆడపడుచులది. హాలు ఇచ్చినవారికి, మైకు అద్దె తీసుకోని మిత్రుడికి, టీ నీళ్లు చూసుకున్న దంపతులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

ఆనాటి కుర్రవాళ్లకే ఇప్పుడు 70 దాటాయి. వాళ్ల మాటలు రికార్డు చేద్దామని గత సభలోనే తీర్మానించాం. ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్లు లేక ఆ పని నత్తనడకన సాగుతోంది. ప్రతి పేటకూ ఇద్దరిని ఈ సభలోనే ఎన్నుకోవాలని, ఆ ఉత్తర్వు కాగితానికి గాజు పెట్టె చేయించి సంఘం గదిలో ఉంచాలని ప్రతిపాదిస్తున్నాను. సభ్యులు ఆమోదించగలరు.

ఇట్లు,
కార్యదర్శి