మా అమ్మాయి కాలు మళ్లీ నేల మీద ఆనింది, అందరికీ మా దణ్ణాలు

మొన్న సోమవారం మా అమ్మాయి రెండు కాళ్లకీ సాక్సు వేసుకుని స్కూలుకి వెళ్లింది. ఇదేం విశేషం అనుకుంటారేమో. పోయిన ఏడాది ఆ కుడి పాదానికి సాక్సు కాదు కదా, దుప్పటి అంచు తగిలినా కేక పెట్టేది.

ఖోఖో ఆడుతూ చీలమండ బెణికింది. మూడు వారాలు కట్టు వేశారు. కట్టు విప్పాక తగ్గాల్సిన నొప్పి పెరిగింది. పాదం చల్లబడిపోయేది, ఒక్కోసారి ఊదారంగుకి తిరిగేది. ఎక్స్‌రే బాగుంది, ఎంఆర్‌ఐ బాగుంది. ఒకచోట "స్కూలు ఎగ్గొట్టడానికి చేస్తోందేమో చూసుకోండమ్మా" అన్నారు. ఆ మాట పిల్ల చెవిన పడింది. ఆ తర్వాత నెల రోజులు నొప్పి గురించి మాతో మాట్లాడటమే మానేసింది. రాత్రిళ్లు దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చేది.

అందుకే నా మొదటి దణ్ణం హైదరాబాద్‌లో మేం చూపించుకున్న పెయిన్ డాక్టర్ గారికి. ఆయన ముందు మాతో కాదు, పిల్లతో మాట్లాడారు. "నీ నొప్పి నిజం తల్లీ" అన్నారు. జబ్బు పేరు కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్, సీఆర్‌పీఎస్ అంటారట. పిల్లల్లో అయితే ఎక్కువగా పన్నెండు, పదమూడేళ్ల ఆడపిల్లలకి, అదీ ఎక్కువగా కాళ్లకే వస్తుందన్నారు. "ఇంటి కుక్క దొంగ వచ్చినప్పుడు మొరగాలి. మీ కుక్క గాలికి తలుపు కదిలినా మొరుగుతోంది. దెబ్బ ఎప్పుడో మానింది, నరాలే ఇంకా హెచ్చరిస్తున్నాయి" అని చెప్పారు. ఇన్ని నెలల్లో మాకు అర్థమయ్యేలా చెప్పింది ఆయనొక్కరే.

ఫిజియోథెరపీతో పాటు సైకాలజిస్ట్ మేడమ్ దగ్గరికి పంపితే మాత్రం నాకు కోపం వచ్చింది. మా పిల్లకి పిచ్చా అనుకున్నాను. మేడమ్ గారూ, మొదటి రోజు మీతో ముభావంగా ఉన్నందుకు క్షమించండి. పిల్లల్లో 3 నెలలు దాటి ఉండే నొప్పికి మందులు ఒక్కటే కాదు, శరీరానికీ మనసుకీ కలిపి వైద్యం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే మార్గదర్శకాలిచ్చిందని మీరు చెప్పేదాకా నాకు తెలియదు.

మీరు నేర్పినవన్నీ చిన్న పనులే. పాదానికి తాకిడి మళ్లీ అలవాటు కావాలని బేసిన్‌లో కందిపప్పు పోసి అందులో పాదం పెట్టడం. అంతకుముందు దూది, తర్వాత నా పట్టుచీర కొంగు, తర్వాత తువ్వాలు, చివరికి కొబ్బరి పీచు. నడక నొప్పిని బట్టి కాదు, గడియారాన్ని బట్టి. అయిదు నిమిషాలంటే అయిదే, బాగున్న రోజైనా, బాగోని రోజైనా. అంతకుముందు కాస్త తేలిగ్గా ఉందంటే ఇల్లంతా తిరిగేసేది, మర్నాడు మంచం దిగేది కాదు. "నడిస్తే కాలు పాడైపోతుంది" అనే భయాన్ని కాగితం మీద రాయించి, నడిచాక నిజంగా ఏమైందో దాని పక్కనే రాయించారు. ఆ నోట్సు ఇప్పటికీ దాని బల్ల మీదే ఉంది.

అన్నిటికంటే కష్టమైన పాఠం మాది. "నొప్పి ఎలా ఉందమ్మా" అని అడగొద్దన్నారు. రోజుకి ఇరవైసార్లు అడిగేదాన్ని, అదే ప్రేమ అనుకున్నాను. అడిగిన ప్రతిసారీ పిల్ల మనసు మళ్లీ కాలి మీదకే పోతుందని మీరు చెప్పాక నోరు కట్టేసుకున్నాను. నొప్పి వచ్చిన రోజు టీవీ, ఫోను, కోరిన టిఫిను. లేని రోజు హోంవర్కు. ఇలా ఉండేది మా ఇల్లు. దాన్ని తిరగేశాం. మా అత్తయ్యగారికి డెబ్బై నాలుగేళ్లు, అయినా అందరికంటే ముందు ఆవిడే మారారు. గుమ్మంలోకి రాగానే "ఇవాళ స్కూల్లో ఏం చెప్పారే" అని అడగడం మొదలుపెట్టారు. అత్తయ్యా, మీకు ఎంత చెప్పినా తక్కువే.

క్లాస్ టీచర్ గారికి కృతజ్ఞతలు. మొదటి రెండు వారాలు రెండు పీరియడ్లు, తర్వాత లంచ్ దాకా, తర్వాత రోజంతా అని మేడమ్ రాసిచ్చిన కాగితాన్ని ఒక్క మాట అనకుండా అమలు చేశారు. పీటీ మాస్టారు దాన్ని పక్కన కూర్చోబెట్టకుండా స్కోరు రాసే పని ఇచ్చారు. తన జట్టు మధ్యలోనే ఉండనిచ్చారు.

నొప్పి పూర్తిగా పోలేదు. చలికాలంలో వస్తుంది, పరీక్షల టెన్షన్‌లో వస్తుంది. వస్తే పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నెమ్మదిగా ఊపిరి తీసుకుంటుంది, మళ్లీ తన పని చూసుకుంటుంది. నొప్పి తగ్గాక నడుద్దాం అని నెలల తరబడి ఎదురుచూశాం. మా పిల్ల విషయంలో జరిగింది వేరు: ముందు నడిచింది, తర్వాతే నొప్పి తగ్గుతూ వచ్చింది.

ఇదంతా రాసి చదివి వినిపిస్తే "ఆటో బాబాయిని మర్చిపోయావమ్మా" అంది. నిజమే. బాబాయ్, రెండు పీరియడ్లకే ఇంటికి తీసుకురావడానికి నువ్వు రోజూ అదనంగా ఒక ట్రిప్పు తిరిగావు, పైసా ఎక్కువ తీసుకోలేదు. మేం అడిగామని ముందు మా గేటు దగ్గర, తర్వాత కరెంటు స్తంభం దగ్గర, తర్వాత కిరాణా కొట్టు దగ్గర, వారానికి కాస్త దూరంగా ఆటో ఆపావు. పిల్ల ఇంట్లోకి వెళ్లేదాకా అక్కడే నిలబడి చూసేవాడివి. ఇప్పుడు వీధి మొదట్లోనే దిగుతోంది.