రిటైరయ్యాక ఉండే ఊరు చూపిస్తామని తీసుకెళ్లి, పొగ నెలల సంగతి చెప్పలేదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ యాత్రలో ముఖ్యమైన సంగతులు చెప్పకపోవడం, కొన్ని తప్పుగా చెప్పడం గురించి.

నమస్కారం.

గత నవంబరులో మీరు నడిపిన పది రోజుల యాత్రకు నేనూ నా భార్యా వచ్చాం. రిటైరయ్యాక స్థిరపడడానికి ఈ ఊరు పనికొస్తుందో లేదో స్వయంగా చూసుకోండి అని మీ కరపత్రంలో ఉంది. ఆ మాట చూసే డబ్బు కట్టాం. సరదాగా తిరిగి రావడానికైతే అంత ఖర్చు పెట్టేవాళ్ళం కాదు.

ఊరి మీద నాకు ఫిర్యాదు లేదు. పాత నగరం చుట్టూ ఉన్న కందకం పక్కన పొద్దున్నే నడిచేవాళ్ళం. మన షేర్ ఆటోల్లా నడిచే ఎర్రటి సాంగ్‌థియో బండ్లెక్కి తిరిగాం. హోటల్ గది కిటికీ తీస్తే ఎదురుగా దోయి సుథెప్ కొండ. నాలుగో రోజుకే నా భార్య ఇక్కడే ఉండిపోదాం అంది.

యాత్రకు ముందు మీరు నింపించిన ఫారంలో, ఆరోగ్య సమస్యలు అన్న చోట, ఆవిడకు ఆస్తమా ఉందని నా చేత్తో రాశాను. అయినా ఆ పది రోజుల్లో మీవాళ్ళు ఒక్కరూ పొగ గురించి మాట్లాడలేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పంట మోళ్ళు తగలబెడతారు, అడవులు కాలతాయి, సరిహద్దు అవతలి నుంచి కూడా పొగ వస్తుంది. చుట్టూ కొండలు కావడంతో అది కదలక ఊరి మీదే నిలిచిపోతుంది. వానలు పడితేగాని పోదు. ప్రపంచంలో గాలి అతి చెడ్డగా ఉన్న నగరాల్లో చియాంగ్ మాయ్ మార్చి నెలలో చాలాసార్లు మొదటి స్థానానికి వచ్చింది. వీలున్నవాళ్ళు ఆ నెలల్లో దక్షిణాన సముద్రం వైపు వెళ్ళిపోతారు. ఏళ్ళ తరబడి అక్కడ పనిచేస్తున్న మీ గైడుకు ఇది తెలియదని నేను నమ్మలేను.

మాకు ఈ సంగతి చెప్పింది చివరి రోజు పార్కులో కలిసిన ఒక పెద్దాయన. మా ఆలోచన విని, "మార్చిలో ఒకసారి వచ్చి చూశారా?" అని అడిగారు. అందుకే ఈ మార్చిలో మా ఖర్చుతో మళ్ళీ వెళ్ళాం. అదే హోటల్లో అదే గది అడిగి తీసుకున్నాం. కిటికీ తీస్తే కొండ లేదు, అంతా బూడిద రంగు. రెండో రాత్రి ఆవిడ ఊపిరందక మంచం మీద కూర్చునే తెల్లవార్చింది. ఇన్‌హేలర్ పనిచేయలేదు. పొద్దున ఆసుపత్రిలో నెబ్యులైజర్ పెట్టారు. వారం అనుకున్నవాళ్ళం నాలుగో రోజే తిరిగొచ్చేశాం. నవంబరులోనే ఇల్లు మాట్లాడేసుకుని ఉంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది.

ఇల్లు కొనమని మీరు గట్టిగానే చెప్పారు. చివరి మూడు రోజులూ కాండోలనే అపార్ట్‌మెంట్లు, విల్లాలు అమ్మే ఆఫీసుల్లోనే గడిచాయి. ఆసుపత్రిగానీ, ఇమ్మిగ్రేషన్ ఆఫీసుగానీ చూపించలేదు. స్థలంతో సహా ఇల్లు మీ పేరు మీదే కొనుక్కోవచ్చు అని మీ ప్రతినిధి అందరి ముందూ అన్నారు. థాయ్‌లాండ్‌లో మామూలుగా విదేశీయుల పేరు మీద భూమి రాదు. కాండోలో ఫ్లాట్ కొనవచ్చు, అదీ ఆ కాండోలోని మొత్తం ఫ్లాట్ల విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం దాటకపోతేనే. ఆయన మాట నమ్మి మా బృందంలో ఒక జంట ఒక విల్లాకు బయానా కూడా ఇచ్చారు. వాళ్ళ గురించే నాకు ఎక్కువ బాధగా ఉంది.

వీసా గురించి అడిగితే, వయసు 50 దాటితే చాలన్నారు. అక్కడి బ్యాంకులో 8,00,000 థాయ్ బాత్‌లుగానీ నెలకు 65,000 బాత్‌ల ఆదాయంగానీ చూపించాలని, 90 రోజులకోసారి చిరునామా తెలియజేయాలని మేమే తర్వాత కనుక్కున్నాం. పెన్షన్ మీద బతికేవాళ్ళకు ఇవి చిన్న విషయాలు కావు.

ఫోన్ చేస్తే, యాత్ర కార్యక్రమం ప్రకారమే జరిగింది కాబట్టి రిఫండ్ కుదరదన్నారు. బస, భోజనం, బండి బాగానే ఉన్నాయి, వాటికి డబ్బు అడగడం లేదు. మేం కట్టిన దానిలో సగం, మార్చి ప్రయాణం ఖర్చు, ఆసుపత్రి బిల్లు ఇవ్వండి. భూమి గురించి చెప్పింది తప్పని మా బృందంలో అందరికీ రాతపూర్వకంగా తెలపండి. ఆ జంట మిగతా డబ్బు కట్టేలోపే ఈ పని జరగాలి. పొగ నెలల సంగతి కరపత్రంలో మొదటి పేజీలోనే వేయండి, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్ళు ఉంటే బుకింగ్ అప్పుడే చెప్పండి.

15 రోజుల్లో జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

నేను నింపిన ఫారం నకలు, ఆసుపత్రి బిల్లు, ఒకే కిటికీలోంచి నవంబరులోనూ మార్చిలోనూ తీసిన రెండు ఫొటోలు జతచేస్తున్నాను.

ఇట్లు,
మీ నవంబరు యాత్రలో వచ్చిన ఒక విశ్రాంత ఉద్యోగి