డిశ్చార్జి రోజున గుండె రోగికి చెప్పాల్సినవి

సంపాదకులకు,

కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో స్టెంట్ (గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం) వేయించుకుని ఇంటికొచ్చే కోనసీమ రోగుల చేతిలో మందుల చీటీ ఉంటోంది. వాటిని ఎలా వాడాలో విడమరచి చెప్పేవాళ్లు మాత్రం కరవు.

ముఖ్యంగా ఛాతీ నొప్పి వచ్చినప్పుడు వేసుకునే సార్బిట్రేట్ మాత్ర. నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ముందు కూర్చోవాలి. మాత్రను నాలుక కింద పెట్టి కరగనివ్వాలి. నీళ్లతో మింగితే ఆలస్యంగా పనిచేస్తుంది. తలనొప్పి వస్తే కంగారు పడక్కర్లేదు, రక్తనాళాలు విప్పారడం వల్లే అది. ఐదు నిమిషాల్లో ఛాతీ నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. పడవ దాటాల్సిన లంక గ్రామాలవాళ్లు ఆ ఐదు నిమిషాలూ ఆగకుండా పడవ సిద్ధం చేయించుకోవాలి. సిల్డెనాఫిల్ (అంగస్తంభన సమస్యకు వాడే మాత్ర) వేసుకున్న 24 గంటల్లోపు సార్బిట్రేట్ వాడితే ప్రాణానికే ముప్పు. ఆ మాత్ర వాడుతున్నారా అని నర్సు మొహమాటపడకుండా అడగాలి.

షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం, చెమటలతోనే గుండెపోటు రావచ్చు. గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోకూడదు.

పన్ను పీకించుకోవాలనో, ఒంట్లో బాగానే ఉందనో, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మానేస్తే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టవచ్చు. డాక్టరును అడగకుండా ఒక్క పూట కూడా ఆపకూడదు.

ఉప్పు రోజుకు 5 గ్రాములలోపు, అంటే సుమారు ఒక టీస్పూను. ఆవకాయ, ఎండుచేప, అప్పడం అన్నీ ఆ లెక్కలోవే. కూరలో తగ్గించి పక్కన మాగాయ వడ్డిస్తే ఫలితమేముంది? ఈ మాట వంట చేసేవారికీ చెప్పాలి.

ఆసుపత్రులు ఈ సూచనలను పెద్ద అక్షరాల్లో తెలుగులో అచ్చువేసి, రోగి చేత తిరిగి చెప్పించుకున్నాకే ఇంటికి పంపాలని కోరుతున్నాం.

– కొందరు స్టాఫ్ నర్సులు, అమలాపురం