తత్వశాస్త్రం మానుకోకు

చిరంజీవికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా.

ఎలక్టివ్‌గా తీసుకున్న తత్వశాస్త్రం మార్చేసుకుంటానన్నావు. "వేల ఏళ్లుగా అవే ప్రశ్నలు, ఒక్కదానికీ జవాబు తేలలేదు, ఎందుకమ్మా?" అన్నావు. ఫోన్లో తేలే మాట కాదని రాస్తున్నాను.

క్రీ.పూ. 399లో ఏథెన్సులో సోక్రటీసును విచారించినప్పుడు, తాను ఎవరెవరిని ప్రశ్నించాడో అక్కడే చెప్పుకున్నాడు. రాజకీయ నాయకులను, కవులను ప్రశ్నించాక చేతిపనివాళ్ల దగ్గరికి వెళ్లాడట. తనకు రానివి వాళ్లకు వచ్చని ఒప్పుకున్నాడు. కానీ పని బాగా వచ్చు కనుక పెద్ద విషయాలన్నీ తమకు తెలుసనుకుంటున్నారని, ఆ భ్రమ వాళ్లకున్న తెలివినీ కప్పేస్తోందని అన్నాడు. నువ్వు చదివేది సివిల్. ఆనకట్ట ఎంత ఎత్తు కట్టొచ్చో నీకు లెక్క వస్తుంది. పోలవరం ముంపు మండలాల్లో ఎకరానికి ఎంత పరిహారమో కూడా కాగితం మీద తేలుతుంది. పదిమంది మేలు కోసం ఒకడిని వాడి ఊరి నుంచి లేవగొట్టే హక్కు మనకెక్కడిదన్నది ఏ లెక్కలో వస్తుంది నాన్నా? అడగడం తెలియకపోతే ఆ ప్రశ్న ఉందనే తోచదు.

కఠోపనిషత్తులో నచికేతుడికి తోచింది. తండ్రి యజ్ఞంలో దానమిస్తున్నవి ఇక మేత మేయలేని, నీళ్లు తాగలేని, పాలు ఎండిపోయిన ఆవులు. ఇదేం దానమని పిల్లాడి బాధ. "నన్నెవరికిస్తావు?" అని మళ్లీ మళ్లీ అడిగాడు. మూడోసారికి తండ్రి, "మృత్యువుకిస్తా" అనేశాడు. నిర్వాసితుల పరిహారం గురించి చదివినప్పుడల్లా నాకా ఆవులే గుర్తొస్తాయి.

తండ్రి అన్న మాట ప్రకారం నచికేతుడు యముడి దగ్గరికే వెళ్లాడు. యముడు మూడు వరాలు కోరుకోమన్నాడు. మూడోదిగా, చచ్చిపోయాక మనిషి ఉంటాడా, ఉండడా అని యముణ్ణి అడిగితే, దేవతలకే తీరని సందేహమది, వదిలెయ్యమన్నాడు. నూరేళ్లు బతికే కొడుకులు, మనవలు, ఏనుగులు, బంగారం ఇస్తానన్నాడు. అవన్నీ రేపటిదాకా ఉంటాయో లేదో, నీ దగ్గరే ఉంచుకోమన్నాడు నచికేతుడు. జవాబు దొరకడం కష్టమని తెలిసీ, చవకబారు జవాబుతో సరిపెట్టుకోలేదు. నువ్వు ఆ తరగతిలో నేర్చుకోవాల్సింది ఇదేనని నా నమ్మకం.

ఇంకోటి. అంత మొండిగా అడిగినవాడు మొదటి వరంగా కోరింది నాన్న కోపం చల్లారాలని. ఉపనిషత్తు మొత్తంలో నాకు ప్రాణమైన చోటు అదే. ప్రశ్నించేవాడికి ప్రేమ తక్కువని ఎవరన్నా అంటే నమ్మకు.

మార్చుకోవడానికి శుక్రవారం దాకా గడువుందన్నావు కదా, మార్చుకోకు. మార్కులు కాస్త తగ్గితే తగ్గనీ, నాన్నకు నేను చెబుతాను.

అమ్మ