రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ: మా అర్జున్ ఆర్డరు ఎక్కడ ఆగింది?

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి శ్రీ రాజ్‌నాథ్ సింగ్ గారికి,

నమస్కారం. నేను హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న మెషీన్ షాపు నడుపుతున్నాను. మన దేశం సొంతంగా రూపొందించిన అర్జున్ యుద్ధ ట్యాంకు సస్పెన్షన్‌లోకి వెళ్లే కొన్ని భాగాలు మా దగ్గర తయారయ్యాయి. ఇదే విషయం మీద ఇంగ్లీషులో పంపిన అర్జీలకు "సంబంధిత విభాగానికి పంపించాం" అన్న ఒక్క ముక్క తప్ప జవాబు రాలేదు. అందుకే ఈసారి నాలాంటి వాళ్లు నలుగురూ చదివేలా తెలుగులో రాస్తున్నాను. మీ కార్యాలయంలో తెలుగు తెలిసిన అధికారి ఎవరైనా దీన్ని మీకు చదివి వినిపిస్తారని నా ఆశ.

2021 సెప్టెంబరు 23న మీ శాఖ విడుదల చేసిన ప్రకటనను ప్రింటు తీయించి దాచుకున్నాను. 118 అర్జున్ మార్క్-1ఏ (మెరుగుపరిచిన రకం) ట్యాంకులు, రూ.7,523 కోట్లు, చెన్నై దగ్గరి ఆవడి హెవీ వెహికల్స్ ఫ్యాక్టరీకి ఆర్డరు. రెండు వందలకు పైగా దేశీయ వెండర్లకు, చిన్న పరిశ్రమలకు కూడా పని దొరుకుతుందని, దాదాపు ఎనిమిది వేల మందికి ఉపాధి వస్తుందని అందులో రాశారు. అది చదివిన రోజు మా షాపులో స్వీట్లు పంచాం. మొదటి ఐదు ట్యాంకులు 30 నెలల్లో సైన్యానికి అందుతాయన్నారు. అంటే 2024 మార్చి. ఆ మార్చి వెళ్లిపోయింది, దాని తర్వాతి మార్చి కూడా వెళ్లిపోయింది. ఆలస్యానికి కారణం ఏమిటో, కొత్త గడువు ఏమిటో వెండర్లకు చెప్పిన వాళ్లు లేరు.

మంత్రి గారూ, ఆర్డరుకీ ఆర్డరుకీ మధ్య వచ్చే ఖాళీ మాలాంటి వాళ్లను ఏం చేస్తుందో ఒక్కసారి వినండి.

బండి కుదుపులను తట్టుకునేది సస్పెన్షన్; అర్జున్‌కు ఉన్నది హైడ్రోన్యూమాటిక్ సస్పెన్షన్. లోపల ఆయిలు, నైట్రోజన్ గ్యాసు తీవ్రమైన ఒత్తిడిలో ఉంటాయి. గుంటలో పడి లేచిన ప్రతిసారీ అరవై టన్నుల బండి బరువు ఆ సిలిండర్ల మీదే పడుతుంది. వాటి లోపలి బోరు మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో కుదరాలి. బోరింగ్ అయ్యాక హోనింగ్ (రాయితో లోపల నునుపు చేయడం), దాని తర్వాత లోపలి గోడ మీద వెంట్రుక మందం గీత కనబడినా ఆ పీసు రిజెక్టే. గీత ఉన్నచోట సీలు కోసుకుపోతుంది, ఆయిలు కారుతుంది, బండి ఒక పక్కకు కూలబడుతుంది. ఈ పని చేతికి రావడానికి మాకు చాలా కాలం పట్టింది. మొదట్లో సగం పీసులు తుక్కులోకి వెళ్లాయి. మా హోనింగ్ ఆపరేటర్ మెషీన్ చప్పుడు విని, చేతికి తెలిసే వణుకును బట్టి రాయి అరిగిందో లేదో చెప్పేవాడు. అలాంటి మనిషిని డబ్బు పెట్టి బజార్లో కొనలేం, పనిలోనే తయారు చేసుకోవాలి.

ఆ పాత ఆర్డరు పని అయిపోయింది. తర్వాతిది వస్తుంది, సిద్ధంగా ఉండండి అన్నారు. సిద్ధంగానే ఉన్నాం. పీసును బిగించే ఆ ఫిక్చర్లు ఇంకో పనికి పనికిరావు, కొలతలు చూసే గేజులూ అంతే. గేజులకు గ్రీజు పూసి, కాగితం చుట్టి చెక్క పెట్టెలో పెట్టాం. ఏటేటా వాటిని క్యాలిబ్రేషన్‌కు పంపి ఫీజు కడుతున్నాం, ఎందుకంటే రేపు ఆర్డరు వస్తే సర్టిఫికెట్ లేని గేజుతో ఇన్‌స్పెక్షన్ చేయనివ్వరు. ఆ లైను కోసం తీసుకున్న లోను వాయిదాలు బ్యాంకు ఆపలేదు. ఆపరేటర్ మాత్రం ఆగలేకపోయాడు. పిల్లల కాలేజీ ఫీజులున్నాయి, అతన్ని తప్పుపట్టలేను. ఇప్పుడు ఇంకెక్కడో మందుల కంపెనీలకు యంత్రాలు చేసే యూనిట్‌లో పని చేస్తున్నాడు. పక్క వీధిలో ఇదే ట్యాంకుకు పిన్నులు, బుష్‌లు చేసిన ఒకాయన షాపు అమ్మేసుకున్నాడు.

ఇది ఒక్క బాలానగర్ కథ అయితే మీ దాకా రాసేవాణ్ని కాదు. మొత్తం అర్జున్ చరిత్ర ఇలాగే ఉంది. 1974లో రూ.15.5 కోట్లతో మంజూరైన ప్రాజెక్టు ఇది. నానా తిప్పలు పడి 124 ట్యాంకుల ఆర్డరు వచ్చింది. 2010 మార్చిలో రాజస్థాన్ ఎడారిలో రష్యా రకం టీ-90 ట్యాంకుతో పక్కపక్కన పెట్టి పరీక్షించారు. మన ట్యాంకు నిలబడింది, ఆ సంగతి సైన్యంలో అందరికీ తెలుసు. అదే ఏడాది మరో 124 తీసుకుంటామన్నారు. ఆ మాట కాంట్రాక్టుగా మారింది 2021లో, అదీ 118కి. మధ్యలో పదకొండేళ్లు! సైన్యం వాళ్లు మార్పులు డెబ్బై దాకా అడిగారు, ట్యాంకు తయారు చేసేవాళ్లు చేసి చూపించారు. 54 శాతం దేశీయం అయిందని గర్వంగా ప్రకటించారు. అంత చేసిన వాళ్లను పదకొండేళ్లు వాకిట్లో నిలబెట్టారు. ఈలోగా విడిభాగాలు అందక, ఉన్న అర్జున్లలో చాలావరకు షెడ్లలోనే ఉండిపోయాయని 2015లో పత్రికలు రాశాయి. విడిభాగాలు చేసేది ఎవరండీ? మేమే కదా. ఆర్డర్లు లేకుండా చేయమంటే ఎలా చేస్తాం?

మమ్మల్ని వదిలేయండి, జర్మనీ వాళ్లు కూడా ఆగలేదు. అర్జున్‌లో ఉండేది ఎమ్‌టీయూ కంపెనీ 1,400 హార్స్‌పవర్ ఇంజిన్. మన 118 ఆర్డరు తేలేసరికి ఆ ఇంజిన్ లైను మూతపడింది, మళ్లీ తెరవాలంటే నాలుగేళ్లు పడుతుందన్నట్టు వార్తలొచ్చాయి. ఎవరూ కొనని ఇంజిన్ కోసం ఏ కంపెనీ లైను తెరిచి పెడుతుంది? నా చెక్క పెట్టెలో గేజులకు పట్టిన గతే అక్కడి యంత్రాలకూ పట్టింది. ఆ పదకొండేళ్లలో ఏడాదికి ఇరవై ముప్పై ట్యాంకులు చేయించి ఉంటే ఈ రోజు ఇంజిన్ కోసం వెతుక్కునే అవసరమే ఉండేది కాదు.

మన సొంత 1,500 హార్స్‌పవర్ ఇంజిన్ సంగతికి వస్తాను. 2024 మార్చి 20న మైసూరులోని ప్రభుత్వ రంగ సంస్థ బీఈఎమ్‌ఎల్‌లో దాన్ని మొదటిసారి టెస్ట్ బెడ్ (పరీక్షించే బెంచీ) మీద నడిపినప్పుడు మాకు చెప్పలేనంత సంతోషం కలిగింది. కానీ మంత్రి గారూ, మొదటి ఐదు ట్యాంకులు రావాల్సిన నెల కూడా అదే. ట్యాంకు చేతికి రావాల్సిన నెలలో ఇంజిన్ ఇంకా బెంచీ మీద ఉంది. 2025 మధ్యకల్లా ప్రాజెక్టు పూర్తవుతుందని అప్పుడు చెప్పారు. ఆ గడువూ దాటింది. ఆ ఇంజిన్ ఇప్పుడు ఏ దశలో ఉంది, ఈ 118లో దాన్నే పెడతారా, వేరేది చూస్తున్నారా? చెబితే మా ప్లాను మేం వేసుకుంటాం.

దక్షిణ కొరియా వాళ్ల కే2 ట్యాంకుకూ ఇదే ఇబ్బంది వచ్చింది. వాళ్ల ఇంజిన్ అనుకున్న వేళకు కుదరలేదు. వాళ్లు ట్యాంకును ఆపలేదు. మొదటి వందకు జర్మన్ ఇంజిన్ పెట్టి లైను నడిపించారు, రెండో విడతకు సొంత ఇంజిన్, జర్మన్ గేర్‌బాక్స్ పెట్టారు. 2022లో పోలెండ్ వచ్చి 180 కొనుక్కుంది. లైను నడుస్తూ ఉంటే లోపాలు దారిలోనే సరిదిద్దుకోవచ్చని దీంతో తెలియడం లేదా?

మనకు డబ్బు లేదా అంటే అదీ కాదు. 2019లో 464 టీ-90లకు రూ.13,448 కోట్లు ఇచ్చారు. 2025 మార్చిలో టీ-72 ట్యాంకుల కోసం రష్యా నుంచి 1,000 హార్స్‌పవర్ ఇంజిన్లకు 24.8 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. సరిహద్దులో ఉన్న సైనికుడి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కాబట్టి వాటిని నేను కాదనను. వాటికి దొరికిన తొందర మన ట్యాంకుకు ఎందుకు దొరకలేదన్నదే నా బాధ.

బరువు ఎక్కువ అంటారు. నిజమే, మార్క్-1ఏ 68 టన్నులు ఉంది. పంజాబ్ వంతెనలు, రైలు బోగీలు, అన్నీ ఆలోచించాల్సినవే. ఎడారికి మాత్రమే పనికొస్తుందంటే ఎడారికే తీసుకోండి. అసలు వద్దనుకుంటే ఆ మాటే ముఖం మీద చెప్పండి, మేం ఫిక్చర్లు తుక్కుకు వేసుకుని ఇంకో పని చూసుకుంటాం. ఔనూ కాదూ అనకుండా ఇలా వేలాడదీయడమే భరించలేకపోతున్నాం.

అర్జున్ కవచం మా ఊరి కంచన్‌బాగ్‌లో, డీఎమ్‌ఆర్‌ఎల్ అనే రక్షణ లోహ పరిశోధనశాలలో పుట్టింది. అందుకే దానికి కాంచన్ అని పేరు. అక్కడ జీవితాలు ధారపోసి రిటైరైన పెద్దలు నాకు తెలుసు. ఎప్పుడు కలిసినా వాళ్లు అడిగేది ఒక్కటే, "మన బండి ఎంతవరకు వచ్చిందయ్యా?" అని. ఏం చెప్పాలో మీరే చెప్పండి.

ఇప్పుడు 1,770 కొత్త తరం ట్యాంకులంటున్నారు. 2024 సెప్టెంబరులో ఆమోదం కూడా ఇచ్చారు. జొరావర్ తేలిక ట్యాంకు వచ్చింది, చాలా సంతోషం. దానికీ ముందు జర్మన్ ఇంజిన్ అనుకుని, అక్కడి అనుమతులు ఆలస్యమైతే అమెరికన్ కమిన్స్ పెట్టాల్సి వచ్చింది. రేపు ఆ 1,770కి పిన్నులు, హౌసింగులు చేసేదెవరు? అప్పటిదాకా మమ్మల్ని బతికించి ఉంచకపోతే మళ్లీ కొత్తవాళ్లను వెతకాలి, మళ్లీ సగం పీసులు తుక్కులోకి వెళ్లాలి.

దయచేసి 118 అర్జున్‌ల కొత్త గడువును ప్రకటించండి. ఇంజిన్ సంగతి తేల్చండి. ఏడాదికి ఎన్ని ట్యాంకులు చేయిస్తారో, ఎన్నేళ్లు చేయిస్తారో ముందే రాసివ్వండి, సంఖ్య చిన్నదైనా ఫరవాలేదు. ఇరవై అన్నా సరే, పదిహేను అన్నా సరే, అది ఆగకూడదు. వెండర్లతో ఒక్కసారి ఆవడిలోనో హైదరాబాద్‌లోనో మీటింగ్ పెట్టించండి. మేం మా ఖర్చులతోనే వస్తాం. మా దగ్గరున్న డ్రాయింగులు పాతవా, రివిజన్ అయ్యాయా అన్నది కూడా మాకు తెలియదు, కనీసం అదైనా చెప్పించండి. ముందు ఆ గడువు చెప్పండి. మా ఆపరేటర్ తిరిగి వస్తానంటున్నాడు. ఎప్పుడు రమ్మనాలో అతనికి చెప్పాలి.

ఇట్లు,
మీ జవాబు కోసం ఎదురుచూస్తున్న
బాలానగర్ చిన్న పరిశ్రమదారుడు